అచ్చు వేసిన విద్యుత్తు – ఒక విమర్శ

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర ఐదు నిమిషాలు నిలబడిన వారికి అచ్చు అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కర లేదు. గోడ మీద అచ్చు, స్తంభం మీద అచ్చు, దారిన పోయేవారి చేతిలో అచ్చు. కంప్యూటరు శిక్షణాలయాల కరపత్రం ఒకటి మడిచి జేబులో పెట్టుకొనే లోపల మరొకటి చేతికి వస్తుంది. ఇంత విరివిగా, ఇంత చవుకగా అచ్చు దొరికే చోట పెరిగిన విద్యార్థికి, “ఇకమీదట ఎలక్ట్రానిక్ పరికరాలను కూడా వార్తాపత్రికలాగే అచ్చు వేస్తారు” అని చెబితే ఆశ్చర్యపడడు; వెంటనే నమ్ముతాడు.

విద్యుద్వాహక పాలిమర్లను గూర్చి సామాన్య పాఠకులకు వ్రాసే వ్యాసాలలో ఈ వాక్యం తరచుగా కనిపిస్తుంది. సిరా బదులు విద్యుత్తును ప్రవహింపజేసే ప్లాస్టిక్ ద్రవం. కాగితం బదులు పలుచని ప్లాస్టిక్ రేకు. యంత్రం తిప్పితే పరికరం సిద్ధం! వినుటకు ఇంపుగా ఉన్నది. ఐతే ఇది ఎంతవరకు నిజం? ఈ శాస్త్రాన్ని తక్కువ చేయుట నా ఉద్దేశ్యం కాదు. దానిని మనం పిల్లలకు చెప్పే తీరును మాత్రం విమర్శింపక తప్పదు. ఎందుకు తప్పదో ఒక చిన్న సంగతితో ప్రారంభిస్తాను.

ఒక ప్రదర్శనలో

కొన్ని సంవత్సరాల క్రిందట ఈ ప్రాంతపు పాఠశాల ఒకదానిలో జరిగిన విజ్ఞాన ప్రదర్శనకు నన్నొక న్యాయనిర్ణేతగా పిలిచినారు. పదవ తరగతి చదివే అమ్మాయి ఒకతె గ్రాఫైటు పొడిని జిగురుతో నూరి సిరా తయారు చేసినది. పెళ్ళి శుభలేఖలు స్క్రీన్ ప్రింటింగ్ చేసే దుకాణానికి పోయి, ఆ సిరాతో దళసరి అట్ట మీద ఒక వలయాన్ని అచ్చు వేయించినది. జాన కంటె తక్కువ పొడవు, మిల్లీమీటరు వెడల్పు ఉన్న నల్లని గీత. ఒక చివర 9 వోల్టుల బ్యాటరీ, రెండవ చివర ఎర్రని ఎల్.ఇ.డి. దీపం. దీపం వెలిగినది, కాని చేయి అడ్డుపెట్టి చూస్తేగాని వెలిగినట్లు తెలియలేదు. పైన తగిలించిన పటంలో వార్తాపత్రికను గూర్చిన పై వాక్యమే పెద్ద అక్షరాలలో ఉన్నది.

మేము ముగ్గురం చూచి, “వలయ నిర్మాణం సరిగా లేదు” అని వ్రాసి, మార్కులు తగ్గించి ముందుకు సాగినాము. ఆ అమ్మాయి మారు మాటాడలేదు. తప్పు తనదే అనుకొన్నది. ఆ రాత్రి ఇంట్లో కాగితం మీద లెక్క వేసి చూచుకొన్నప్పుడు నాకు సిగ్గు వేసినది. ఆమె వలయంలో లోపం లేదు. లోపం పటం మీది వాక్యంలో ఉన్నది. ఆ వాక్యం ఆమెది కాదు. మా వంటి పెద్దలు వ్రాసినది.

ఆ లెక్క ఏమిటో చెప్పుటకు ముందు వాహక పాలిమర్ అంటే ఏమిటో చూడవలె.

గొలుసులో దారి

ప్లాస్టిక్కులన్నీ విద్యుత్ బంధకాలని మన పాఠ్యపుస్తకాలు చెబుతవి. పాలిథీను, పి.వి.సి. వంటి నిత్యజీవితపు ప్లాస్టిక్కుల విషయంలో అది నిజం. వాటి కార్బన్ గొలుసులో ఎలక్ట్రాన్లు బంధాలలో గట్టిగా ఇరుక్కొని ఉంటవి, కదలవు. కొన్ని గొలుసులలో మాత్రం ఒక ఏకబంధం, ఒక ద్విబంధం, మరల ఏకబంధం – ఇట్లు వరుస మార్చి మార్చి వస్తుంది. అట్టి గొలుసులో ద్విబంధపు ఎలక్ట్రాన్లు కొంత సడలి ఉంటవి. సడలినంత మాత్రాన ప్రవాహం రాదు. కిక్కిరిసిన బస్సులో అందరూ నిలబడి ఉన్నా ఎవరూ జరగలేరు గదా! ఒకరు దిగితే ఆ ఖాళీలోకి ప్రక్కవారు, వారి ఖాళీలోకి ఆ వెనుకవారు జరుగుతారు. అట్లే రసాయనిక చర్యవలన కొన్ని ఎలక్ట్రాన్లను గొలుసు నుండి తొలగించితే, మిగిలినవి కదలుటకు దారి ఏర్పడుతుంది.

ఈ సంగతిని 1977లో హిదెకి షిరకావా, ఆలన్ మెక్‌డయార్మిడ్, ఆలన్ హీగర్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు పాలీఎసిటిలీన్ పొరపై అయొడిన్ ఆవిరిని ప్రయోగించి నిరూపించినారు. దాని వాహకత్వం సుమారు కోటి రెట్లు పెరిగినది. 2000లో వారికి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించినది.

ఈ కథను కూడా మనవారు “ఒక పొరపాటు వలన కలిగిన అద్భుతం” అని చెప్పుట పరిపాటి. షిరకావా ప్రయోగశాలలో ఉత్ప్రేరకాన్ని వెయ్యి రెట్లు అధికంగా వేయుట పొరపాటే. దానివలన వెండిలాగ మెరిసే పొర వచ్చినదన్నదీ నిజమే. కాని ఆ పొర వచ్చినంత మాత్రాన వాహకం కాలేదు. అనేక సంవత్సరాల తరువాత, బుద్ధిపూర్వకంగా అయొడిన్‌తో చేసిన ప్రయోగం వలన వాహకమైనది. ఇంతకు ముందే, 1862లో లండనులో హెన్రీ లెథిబీ ఎనిలీన్ నుండి విద్యుత్తు సాయంతో ఇట్టి పదార్థాన్ని తయారు చేసినాడు. 1963లో ఆస్ట్రేలియాలో వైస్, ఆయన సహచరులు పాలీపిరోల్ వాహకత్వాన్ని ప్రకటించినారు. అదృష్టాన్ని పెద్దది చేసి శ్రమను చిన్నది చేసే కథలు విద్యార్థికి మేలు చేయవు.

మరొక ముఖ్య విషయం. బహుమతి తెచ్చిన పాలీఎసిటిలీన్ గాలి తగిలితే చెడుతుంది. ఏ ద్రవంలోను కరగదు. వేడిచేస్తే పోతపోయుటకు వీలుగా మెత్తబడదు. దానితో సిరా తయారు చేయుట అసాధ్యం. అచ్చుకు పనికివచ్చే వాహక పాలిమర్ వేరొకటి. జర్మనీలోని బేయర్ సంస్థ 1980ల చివర కనుగొన్న పెడాట్ అనే పాలిమర్‌ను పి.ఎస్.ఎస్. అనే మరొక పాలిమర్‌తో జత చేసినప్పుడు, అది నీటిలో సన్నని కణాలుగా విడివడి నీలిరంగు ద్రవంగా నిలుస్తుంది. నేడు వాహక పాలిమర్ సిరా అనగానే ముందుగా పేర్కొనబడేది ఇదే.

ఇక మన నగరంలో ఈ విషయంపై పని లేకపోలేదు. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి తార్నాకలో దిగితే, 1944లో మరొక పేరుతో ఆరంభమైన భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఉన్నది. పాలీఎనిలీన్ తయారీపైన, కాంతిని విద్యుత్తుగా మార్చే సేంద్రియ పదార్థాలపైన అక్కడ పరిశోధనలు జరిగినవి. కాబట్టి ఇది ఎక్కడో దూరదేశపు వింత అని విద్యార్థి అనుకోనక్కర లేదు.

నలుచదరాల లెక్క

ఇప్పుడు అమ్మాయి గీత వద్దకు వద్దాము. పలుచని పొరకు ఒక చక్కని ధర్మం ఉన్నది. ఒకే మందం గల పొర నుండి నలుచదరపు ముక్కను కత్తిరించి, ఎదురెదురు అంచుల నడుమ నిరోధాన్ని కొలిస్తే, ఆ ముక్క గోరంత ఐనా, బల్లంత ఐనా నిరోధం ఒక్కటే. పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుంది. వెడల్పు అంతే పెరిగితే అంతే తగ్గుతుంది. కాబట్టి గీతలో ఎన్ని నలుచదరాలు ఉన్నవో లెక్కపెడితే చాలు.

మంచి రకపు పెడాట్ సిరా వాహకత్వం, తగిన ద్రవాలు కలిపినప్పుడు, సెంటీమీటరుకు సుమారు 1000 సీమెన్స్. దానిని 100 నానోమీటర్ల మందాన పూసినామనుకొందాము. ఒక నలుచదరపు నిరోధం 100 ఓములు అవుతుంది. పది సెంటీమీటర్ల పొడవు, మిల్లీమీటరు వెడల్పు గల గీతలో ఇట్టి నలుచదరాలు 100 ఉన్నవి. కాబట్టి గీత నిరోధం 10,000 ఓములు. ఎర్రని దీపానికి సుమారు 2 వోల్టులు పోగా మిగిలినవి 7 వోల్టులు. ఓమ్ సూత్రం ప్రకారం ప్రవాహం 0.7 మిల్లీఆంపియరు. దీపం బాగా వెలుగుటకు 10 మిల్లీఆంపియర్లు కావలె. మిణుకుమిణుకుమనక ఏమి చేస్తుంది? అమ్మాయి వాడినది పెడాట్ కాదు, ఇంట్లో నూరిన గ్రాఫైటు. దాని నిరోధం కూడా వేల ఓములలోనే ఉండి ఉండవలె. దీపం ఆ సంగతినే చెప్పినది.

అంతే కొలతలు గల రాగి గీత, రేడియోలోను, కంప్యూటరులోను ఉండే మామూలు పలక మీదిదైతే, 35 మైక్రోమీటర్ల మందం ఉంటుంది. దాని నిరోధం సుమారు 0.05 ఓము. తేడా రెండు లక్షల రెట్లు! ఇందులో రాగి స్వభావం వలన వచ్చినది సుమారు 600 రెట్లు. మందం వలన వచ్చినది 350 రెట్లు. పాలిమర్ పొరను మరింత దళసరిగా వేయవచ్చును. అప్పుడు నిరోధం ఆ మేరకు తగ్గుతుంది. ఐనను రాగి రాగియే.

కన్ను క్షమిస్తుంది, విద్యుత్తు క్షమించదు

వార్తాపత్రిక పోలికలోని అసలు దోషం ఇంకొకటి. అచ్చు కాగితాన్ని చూచేది కన్ను. అక్షరం కాలు కొంచెం విరిగినా మనం చదువుకొంటాము. పత్రికలోని ఫోటోను భూతద్దంతో చూడండి. అందులో ఉన్నవి విడివిడి చుక్కలు మాత్రమే. వాటిని కలిపి బొమ్మగా చూచేది మన కన్ను, మన మెదడు. విద్యుత్తుకు ఆ దయ లేదు. గీతలో వెంట్రుకవాసి సందు పడితే ప్రవాహం ఆగిపోతుంది. రెండు వాహక పొరల నడుమ ఉన్న బంధకపు పొరలో సూదిమొనంత రంధ్రం పడితే పై పొర క్రింది పొరకు తగిలి పరికరం పాడవుతుంది. అనగా వాహకంలో ఒక్క ఖాళీ ఉండరాదు, బంధకంలో ఒక్క రంధ్రం ఉండరాదు. ఏ వార్తాపత్రిక ముద్రాపకునికీ ఇట్టి షరతు ఎవరూ పెట్టలేదు.

రంగుల అచ్చులో ఒక రంగు ప్రక్కకు జరిగితే బొమ్మలో పెదవుల ఎరుపు చెంపమీదికి వస్తుంది. నవ్వుకొని పేజీ త్రిప్పుతాము. అచ్చు వేసిన ట్రాన్సిస్టరులో రెండు కొనల నడుమ దూరం మన వెంట్రుక మందం కంటె తక్కువ ఉండవచ్చును. అక్కడ పొర అంత జరిగితే అది ట్రాన్సిస్టరు కానే కాదు.

సిరా ఆరుటలో కూడా చిక్కు ఉన్నది. ఇరానీ హోటలు బల్ల మీద ఒలికిన చాయ్ బొట్టు ఆరిన తరువాత గమనించండి. నడుమ లేత రంగు, అంచు చుట్టూ ముదురు వలయం. బొట్టు అంచు బల్లకు అంటుకొని కదలదు. నీరు అంచు వద్ద త్వరగా ఆవిరి అవుతుంది. ఆ లోటు పూడ్చుటకు నడుమ నుండి ద్రవం అంచుకు ప్రవహిస్తూ, తనతో కణాలను మోసుకొని పోతుంది. చికాగో విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 1997లో ఈ కారణాన్ని విశదీకరించినారు. ఇంక్‌జెట్ యంత్రం చిమ్మే చుక్క వ్యాసం మీటరులో పది లక్షల వంతులు ఓ పాతికా ముప్పై మాత్రమే. ఐనా అది ఆరేటప్పుడు ఇదే జరుగుతుంది. అంచులు దళసరి, నడుమ పలుచన. వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద మరిగే రెండు ద్రవాలను కలిపి, లోపలికి ఎదురు ప్రవాహాన్ని పుట్టించి దీనిని సరిచేస్తారు. అంటే సిరా తయారీయే ఒక ప్రత్యేక శాస్త్రం.

ఒకదానిపై ఒకటి పొరలు వేయునప్పుడు, పై సిరాలోని ద్రవం క్రింది పొరను కరగించరాదు. కాబట్టి ఒక పొర నీటి సిరా ఐతే, దానిపైది నీరు లేని సేంద్రియ ద్రవంతో చేసినది కావలె. మూడవ పొరకు ఏ ద్రవం? నాలుగవ దానికి? ప్రతి మెట్టు వద్ద ఈ ప్రశ్న వస్తుంది. పైగా పెడాట్ సిరా ఆమ్లస్వభావం కలది. గాలిలోని తేమను పీల్చుకొంటుంది. కాంతినిచ్చే సేంద్రియ పొరలు తేమకు ఎంత భయపడునంటే, వాటి పై కప్పు ఒక చదరపు మీటరు మేర రోజుకు గ్రాములో పది లక్షల వంతు కంటె ఎక్కువ నీటి ఆవిరిని లోపలికి రానీయరాదని నిపుణుల లెక్క. శ్రావణ మాసపు హైదరాబాదును తలచుకొనండి!

సంత చెప్పిన తీర్పు

పొగడ్తలను పరీక్షించుటకు మరొక చోటు సంత. బహుమతి పొందిన హీగర్ స్వయంగా స్థాపకులలో ఒకరుగా 2001లో అమెరికాలో ఒక సంస్థ వెలిసినది. కోణార్క సూర్యదేవాలయం పేరుమీద దానికి కోనార్కా అని పేరు పెట్టినారు. పాలిమర్ సౌరఘటాలను చాపచుట్టలాగ అచ్చు వేయవలెనని దాని సంకల్పం. 2012లో అది దివాలా తీసినది. దీపపు తెరలను ఇంక్‌జెట్ పద్ధతిలో అచ్చు వేసి అమ్మిన జపాను సంస్థ జోలెడ్ 2023లో అదే దారి పట్టినది. పంజగుట్ట దుకాణాలలో అమ్మే ఖరీదైన ఫోన్ల తెరలలో సేంద్రియ పదార్థాలు వెలుగుతున్న మాట నిజమే. కాని వాటిలో ఎక్కువ భాగం పాలిమర్లు కావు, అచ్చు వేసినవీ కావు. చిన్న అణువులు గల పదార్థాన్ని శూన్యంలో ఆవిరి చేసి, గాజు లేక ప్లాస్టిక్ మీద పేరునట్లు చేసినవి.

మరి అచ్చు వేసిన వాహకాలు ఎక్కడా లేవా? ఉన్నవి, మన చేతి క్రిందనే ఉన్నవి. అమీర్‌పేట శిక్షణాలయాలలో విద్యార్థులు రోజంతా కొట్టే చవుక కీబోర్డును విప్పి చూస్తే లోపల పారదర్శకమైన ప్లాస్టిక్ రేకులు కనిపిస్తవి. వాటిమీది బూడిదరంగు గీతలు వెండి సిరాతో అచ్చు వేసినవి. పంజగుట్టలో నిమ్స్ ఆసుపత్రి చుట్టుప్రక్కల మందుల దుకాణాలలో అమ్మే రక్తపు చక్కెర పరీక్షపట్టీలు చాలా రకాలలో కర్బనపు సిరా, వెండి సిరా స్క్రీన్ ప్రింటింగ్ పద్ధతిలో వేసినవే. ఐతే జాగ్రత్తగా గమనించండి: ఈ సిరాలలో విద్యుత్తును మోసేది వెండి రేణువు లేక కర్బనపు రేణువు. వాటిని అంటించి పట్టుకొన్న ప్లాస్టిక్కు బంధకమే. వాహక సిరా వేరు, వాహక పాలిమర్ వేరు. మన వ్యాసకర్తలు ఈ రెంటినీ కలగాపులగం చేసి, మొదటిదాని విజయాన్ని రెండవదాని ఖాతాలో వేస్తున్నారు.

వాహక పాలిమర్ కూడా ఆ శిక్షణాలయాలలోనే ఉన్నది. కంప్యూటరు ప్రధాన పలక మీద చిన్న డబ్బీలవలె నిలబడిన ఘన కెపాసిటర్లు చాలావాటిలో పెడాట్ వంటి పాలిమర్ ఒక ధ్రువంగా పనిచేస్తుంది. అక్కడ దానిని ఎవరూ బొమ్మగా అచ్చు వేయలేదు. అంతకు ముందు ఫోటో ఫిల్ముల మీద స్థిర విద్యుత్తు నిలువకుండ ఆగ్ఫా సంస్థ పెడాట్ పూతను వాడినది. ఈ చివరి ఉదాహరణ చాలా విలువైనది. స్థిర విద్యుత్తు మెల్లగా జారిపోవుటకు నలుచదరానికి లక్షల ఓములు ఉన్నా చాలును. దీపానికి చాలని పూత అక్కడ అవసరానికి మించినది! అట్లే గుండె కొట్టుకొనుట వలన చర్మం మీద కలిగే మిల్లీవోల్టు సంకేతాన్ని అందుకొనుటకు పెద్ద ప్రవాహంతో పని లేదు. చర్మంతో పాటు వంగే మెత్తని పొర కావలె. పెడాట్ అయాన్లను కూడా రానిచ్చి పోనిచ్చే పదార్థం గనుక ఇట్టి పనికి దానిని తీర్చిదిద్దుటకు పరిశోధనలు జరుగుతున్నవి. పని ఏదో తెలిసిన తరువాతనే పదార్థం మంచిదో కాదో చెప్పవలె.

పేర్లు చేసే మోసం

మాటలు మనను మోసగించుట ఇది మొదటిసారి కాదు. “ముద్రిత వలయం” అని మనం పిలిచే పచ్చని పలకలో రాగిని అచ్చు వేయరు. పలక అంతటా రాగి రేకు అంటించి, కావలసిన చోట రక్షణపూత వేసి, మిగిలిన రాగిని రసాయనంతో తినిపిస్తారు. ముద్రణ విధానంతో వచ్చినది ఆ పూత మాత్రమే. ఐనా పేరు మొత్తానికి నిలిచిపోయినది.

“మాదీకరణం” అనే మాట కూడా అట్టిదే. సిలికాన్‌లో లక్షల పరమాణువులకు ఒక్క పరాయి పరమాణువును చేర్చుటను మన పుస్తకాలు అట్లు పిలుస్తవి. పాలిమర్ విషయంలోను అదే మాట వాడుతున్నాము. కాని పెడాట్ గొలుసులో సుమారు ప్రతి మూడు వలయాలకు ఒక ధనావేశం ఉంటుంది. అది చిటికెడు ఉప్పు చల్లుట కాదు. పదార్థాన్నే ఆక్సీకరణం చేయుట. ఒకే మాట రెండు చోట్ల వాడినప్పుడు, తేడా చెప్పే బాధ్యత ఉపాధ్యాయునిది, వ్యాసకర్తది.

చేయవలసిన పని

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. వార్తాపత్రిక వాక్యాన్ని పటం మీద వ్రాయించకండి. దానిని ప్రశ్నగా మార్చి తరగతికి ఇవ్వండి. మెత్తని పెన్సిలుతో కాగితం మీద నల్లగా, దళసరిగా గీతలు గీయించండి. పొడవు రెట్టింపు చేసి ఒకసారి, వెడల్పు రెట్టింపు చేసి ఒకసారి మల్టీమీటరుతో నిరోధం కొలిపించండి. నలుచదరాల సూత్రాన్ని విద్యార్థులే కనుగొంటారు. గీతలో బ్లేడుతో సన్నని సందు పెట్టి, కంటికి కనిపించని సందును మీటరు ఎట్లు కనిపెడుతుందో చూపండి. దీనికి ఖరీదైన సిరా అక్కరలేదు. గంటసేపు చాలును.

ఆ అమ్మాయి ప్రయోగానికి మేము వేసిన మార్కులను నేను ఇప్పుడు మార్చలేను. ఆనాడు ఆమె బల్లమీద దీపంతో పాటు ఒక మీటరును పెట్టి, “నీ గీత ఎన్ని ఓములు?” అని అడిగి ఉంటే చాలును. మసకగా వెలిగిన ఆ దీపం ఆమెకు ఓటమిగా తోచేది కాదు. సరియైన కొలతగా కనిపించేది. ప్లాస్టిక్కు విద్యుత్తును మోయుటయే ఒక అద్భుతం. దానికి మరొక అబద్ధపు అలంకారం అవసరం లేదు.